కాటా మీద ఇల్లు

ఎదురుగా రెండు ట్రెయిలర్ల గోధుమ లారీ కనిపిస్తే చాలు, కెర్రడ్ మాట మధ్యలోనే ఆపేస్తున్నాడు. పోర్ట్ ఆగస్టా ఊరు దాటిన దగ్గర్నుంచీ అతని భార్య టామ్సిన్ అది గమనిస్తూనే ఉంది. లారీ పక్కనుంచి దూసుకుపోగానే గాలి ఒక్క తోపు తోసేది. వెనక కట్టుకొచ్చిన చక్రాల ఇల్లు, క్యారవాన్, ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు ఊగేది. ఆ ఊపు పికప్ బండి వెనక చక్రాల్లోకి పాకి, స్టీరింగ్ బిగించి పట్టుకున్న కెర్రడ్ మోచేతుల్లో తేలేది. వెనక సీట్లో ఉన్న పిల్లలకు మాత్రం అది ఉయ్యాల. ఆరేళ్ల ఫెర్గస్ అద్దానికి ముక్కు ఆనించి, ఇంకో లారీ ఎప్పుడొస్తుందని అక్క మేవ్‌ను వేధిస్తున్నాడు.

"ఎంతలో పోతున్నావు?" అని అడిగింది టామ్సిన్.

"ఎనభై. ఇంకా తగ్గిస్తే వెనకవాళ్లు తిట్టుకుంటారు."

"తిట్టుకోనీ."

క్యారవాన్ బేరం టామ్సిన్‌ది. బల్లారట్‌లో ఏళ్ల తరబడి పాత సామాన్ల కొట్టు నడిపిన మనిషి. అమ్మేవాడు తలుపు తీసే తీరు చూసి ఎంతకు దిగుతాడో చెప్పగలదు. విడిపోతున్న ఒక జంట ఈ క్యారవాన్‌ను త్వరగా వదిలించుకోవాలనుకుంటున్నారని తెలిసి వెళ్లి, వాళ్ల మౌనానికి కూడా కొంత తగ్గింపు రాబట్టింది. పిల్లలకు చెరో బెర్తు, తలుపున్న స్నానాల గది, మనిషి నిలబడి వండుకోగల వంటిల్లు. లాగడానికి పికప్ ఎలాగూ ఉంది. మూడున్నర టన్నులు లాగుతుందని దాని పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. క్యారవాన్ నిండుగా ఉన్నా మూడు టన్నుల పైచిల్లరే. ఇంకా మిగులే అని లెక్క కట్టింది. ఇల్లు అద్దెకిచ్చి, కొట్టు మూసి బయల్దేరారు. చెట్టూ నీరూ లేని నల్లార్బర్ మైదానం అవతల, ఎస్పరెన్స్‌లో, కెర్రడ్ వాళ్ల అన్నయ్య అతనికి గోధుమ కోతల కాలానికి పని చూసిపెట్టాడు. ఇక ఏడాదంతా ఈ చక్రాల మీదే కాపురం.

మొదటి రోజే పికప్ వెనక భాగం బరువుకు కూలబడింది. ముందు దీపాలు రోడ్డును వదిలేసి చెట్ల కొమ్మలను చూపించాయి. టామ్సిన్ ఆలోచించి, పోర్ట్ ఆగస్టాలో బరువులన్నీ క్యారవాన్ వెనక్కి మార్పించింది. క్యాన్వాసు కుట్టే ఇనుప మిషన్, పనిముట్ల పెట్టె, డబ్బాల తిండి పిల్లల బెర్తుల కిందికి పోయాయి. సైకిళ్లు వెనక బంపరెక్కాయి. పికప్ నడుం నిలబెట్టింది. కుంటి బల్ల కాలికింద అట్టముక్క పెట్టినంత సులువుగా పని జరిగిందని మురిసిపోయింది. ఊపు మొదలైంది ఆ తర్వాతే. ఆ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఆ సాయంత్రం కింబా అనే ఊళ్లో క్యారవాన్లు నిలిపే పార్కులో ఆగారు. ఐదింటికి అందరూ ఎవరి కుర్చీ వాళ్లు, ఎవరి సీసా వాళ్లు తెచ్చుకుని గుండ్రంగా కూర్చోవడం అక్కడి మర్యాద. కొత్తవాళ్లను ముందుగా ఏ ఊరని అడగరు. బండిని వెనక్కి ఎలా పెట్టారో చూస్తారు, కొక్కెం చూస్తారు, తర్వాతే మనుషుల్ని చూస్తారు. భర్త పోయాక ఒంటరిగా చిన్న క్యారవాన్ లాక్కుంటూ తిరుగుతున్న నోరీన్ అనే పెద్దావిడ జున్నుముక్క నములుతూ అడిగింది.

"కాటా ఎంత చూపించింది?"

"కాటా ఎక్కించలేదు," అన్నాడు కెర్రడ్. "మాది మూడున్నర లాగుతుంది."

"అమ్మేవాడి మాటల్లో ఏ బండీ ఇంజను నూనె తాగదు, అబ్బాయ్."

కుర్చీల్లో నవ్వులు లేచాయి. టామ్సిన్ నవ్వలేదు. అలాంటి మాటలు చెప్పి ఆమే ఎన్నో అమ్మింది. గుంపు చెదిరాక నోరీన్‌ను పక్కకు పిలిచి, ఊపు సంగతీ, బరువులు మార్చిన సంగతీ చెప్పింది. నోరీన్ బెర్తుల కింద అరలు తెరిచి చూసి, మెల్లగా మూసింది.

"వెనక బరువెక్కితే ముందు కొక్కెం తేలికవుతుంది. కొక్కెం తేలికైతే ఇక దాని ఇష్టం దానిది. ఇప్పటిదాకా మీరు దీన్ని లాగలేదమ్మాయ్. అదే మిమ్మల్ని పోనిచ్చింది."

తెల్లారి గోధుమ గిడ్డంగుల దగ్గర లారీలు తూచే కాటా ఎక్కించారు. పికప్ దాని హద్దులో ఉంది. క్యారవాన్ దాని హద్దులో ఉంది. రెండూ కలిస్తే మాత్రం నాలుగు వందల కిలోలు ఎక్కువ. పికప్ పుస్తకంలో ఎవరూ చదవని ఒక పేజీలో ఆ మూడో హద్దు కూడా ఉంది: తానూ, తాను లాగేదీ కలిపి ఆరు టన్నులు దాటకూడదు. ముందు తగిలించిన ఇనుప కమ్మీ, పైన కట్టిన డబ్బా, ఫ్రిజ్, నలుగురు మనుషులు ఎక్కాక, మూడు టన్నుల ఇంటిని లాగే చోటు ఆ బండిలో మిగల్లేదు. వ్యాపారస్తురాలు మొదటి పేజీ చదివి బేరం చేసింది.

పార్కులో టార్పాలిన్ పరిచి అమ్మకం పెట్టింది. జనరేటర్, సైకిళ్లు, పొయ్యి, పనిముట్లలో సగం పోయాయి. కొనేవాళ్లకు ఆమె అవసరం తెలుసు. క్యారవాన్ అమ్మిన ఆ జంట మౌనం ఎంత పలికిందో ఆమెకిప్పుడు తెలిసొచ్చింది. చివరికి కుట్టుమిషన్ కూడా దించింది. దారిలో వాళ్లకూ వీళ్లకూ చిరిగిన గుడారాలు కుట్టి నాలుగు డబ్బులు చూసుకుందామన్నది ఆమె ఆశ. నోరీన్ పక్క క్యారవాన్ ఆయన దాన్ని మోసుకుపోతుంటే మేవ్ తల్లి చేయి పట్టుకుంది.

మిగిలినవి ముందుకు సర్ది మళ్లీ కాటా ఎక్కించారు. ఇంకా నూట యాభై ఎక్కువే.

"నీళ్లు ఒంపేద్దాం. ట్యాంకులు ఖాళీ అయితే సరిపోతుంది," అన్నాడు కెర్రడ్.

"మైదానం మీద పిల్లలేం తాగుతారు?"

"దార్లో కొందాం. అన్నయ్య మాటిచ్చేశాడు, టామ్. సోమవారం నేను అక్కడ లేకపోతే ఆ పని ఇంకొకడిది. బేరం వదలవు, అదీ నీ జబ్బు. ఇప్పుడు దాన్ని నేను ఈడ్చాలి."

అందులో అబద్ధం లేదని టామ్సిన్‌కు తెలుసు. నిలబడి లెక్క చూసుకుంది. నీళ్లు ఒంపితే ఈ ఉదయానికి సరిపోతుంది. ముందున్న సెడ్యూనా ఊళ్లో తిండి నింపగానే మళ్లీ తప్పుతుంది. ఖాళీగా ఉన్నప్పుడే సరిపోయే ఇల్లు, ఇల్లు కాదు. పట్టీ పగిలిన మంచాన్ని తన కొట్టులో ఏనాడూ పిల్లలున్న వాళ్లకు అమ్మలేదు. ఎంత ఇస్తామన్నా అమ్మలేదు. ఇప్పుడు తన పిల్లల్నే అలాంటి దానిమీద పడుకోబెట్టి, గాలి విసిరే ఆ దారిలోకి తోలబోతోంది.

"నేను ఈ మైదానం దాటను, కెర్రడ్."

అతను రోడ్డు వైపు చూశాడు. "నిన్న రెండుసార్లు బండి నా చేతిలో లేకుండా పోయింది," అన్నాడు. "నీకు చెప్పలేదు."

టామ్సిన్ కాటా గది కిటికీ దగ్గరికెళ్లి, కోతలకు మనుషులు కావాలా అని అడిగింది. కావాలి. జీతం ఎస్పరెన్స్ కన్నా తక్కువ, దుమ్ము ఎక్కువ, సముద్రం లేదు. ఆమె ఒక్క పైసా బేరమాడకుండా సరేనంది. కెర్రడ్ అటు తిరిగి అన్నకు ఫోన్ చేశాడు. అవతలి గొంతు పెద్దదవుతున్నకొద్దీ ఇతని వీపు వంగింది.

పార్కులో కొక్కెం విప్పి, క్యారవాన్‌ను నాలుగు కాళ్ల మీద నిలబెట్టారు. కోతలయ్యాక దీన్నేం చేయాలో, ఈ ఊళ్లో దీన్ని ఎవరు కొంటారో ఆమెకు ఇంకా అంతు చిక్కలేదు. మధ్యాహ్నం గాలి లేచింది. హైవే మీద గోధుమ లారీ ఒకటి హోరుమంటూ పోయింది. పై బెర్తు మీద ఫెర్గస్ ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు.

"ఊగలేదు," అన్నాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

"ఊగదు," అంది టామ్సిన్. అయినా గోడకు ఆనించిన చేయి తీయడానికి ఇంకో లారీ పోయేదాకా ఆగింది.