బస్సులో సీటు

బెల్టు ఇంటికి వచ్చినప్పటి నుంచి సువర్ణ, జేబులు తడమకుండా మొగుడు రాజేష్ చొక్కా ఒక్కటీ నానబెట్టలేదు. దొరికేవి బస్సు టికెట్లు, తంబాకు పొడి. అయినా నమ్మకం కుదరలేదు.

పొట్టను బిగించే బెల్టు అది. టీవీలో చూసి, ఫోన్ చేసి తెప్పించాడు. నీ నడుం నొప్పికే అన్నాడు. నడుం నొప్పి కూతురు భార్గవి పుట్టిన నాటిది. పదకొండేళ్లుగా లేని జాలి మొగుడికి ఇప్పుడెందుకు పుట్టింది? సన్న నడుముది ఎవతో కంట్లో పడి ఉంటుంది. సత్తుపల్లి బొగ్గుగని క్వార్టర్లలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. పక్కింటి ప్రమీలారాణి బట్టలు ఆరేస్తుంటే సువర్ణ ఆమె ముఖం చూడడం మానేసి నడుమే చూసేది.

బెల్టుకు ముందు జరిగింది కూడా ఆమె మరిచిపోలేదు. పోయిన నెల ముగ్గురూ భద్రాచలం బస్సెక్కారు. కండక్టరు ఒకాయనను లేపాడు. "ఆ అమ్మ కడుపుతోటి ఉన్నది, లే." కాదని చెప్పడానికి సువర్ణకు నోరు రాలేదు. కూర్చుంది. రాడ్ పట్టుకుని నిలబడ్డ రాజేష్ కూడా చెప్పలేదు. మర్నాడు గనిలో బొగ్గు మోసే డంపర్ల దగ్గర షిఫ్టు మొత్తానికీ చెప్పి నవ్వించాడు. ఆ నవ్వు క్వార్టర్లన్నీ తిరిగి ఆమె గడపకే వచ్చింది. మోతీ తండా నుంచి అత్త వచ్చి, "నిజమే అనుకున్న, మనుమడొస్తడని" అంది.

పొద్దున లేస్తూనే బెల్టు బిగించుకునేది. షిఫ్టు టిఫిను కట్టేది, నీళ్లు మోసేది, వంగి ఊడ్చేది. విప్పితే చర్మం మీద ఎర్రటి చాళ్లు. స్నానంలో ఆ పొట్టను మసిగిన్న తోమినట్టు తోమేది, తనది కానట్టు.

ఒకరోజు బెల్టు కొక్కేనికి లేదు. ఎవరికిచ్చినవని రాజేష్‌ను అడిగింది.

"నాకేం ఎరుక? నువ్వే ఏడనో పడేసినవ్" అన్నాడు.

నమ్మలేదు. అతని బ్యాగు విప్పి చూసింది. ప్రమీలారాణి నడుము నిన్నటికంటే సన్నబడ్డట్టే కనిపించింది.

మూడో రోజు భార్గవి మళ్లీ అన్నం వదిలేసింది. కడుపు నొప్పంది. నిమురుదామని చెయ్యి వేస్తే గౌను కింద గట్టిగా తగిలింది. ఎత్తి చూసింది. ఆ బెల్టే. పుల్లలాంటి నడుముకు రెండు చుట్లు తిరిగి, సువర్ణ చీర పిన్నులతో నిలిచి ఉంది.

"ఎందుకే?"

పిల్ల నేల చూసింది. "పొట్ట లావుగ కనిపిస్తే బస్సుల నాకు గూడ సీటిస్తరేమోనని."

సువర్ణ ఒక్కో పిన్నూ తీసింది. కొబ్బరినూనె వెచ్చజేసి వాతల మీద రాసింది. చేతికి ఇంకా నూనె ఉంది. కొంగు తప్పించి, పిల్ల చూస్తుండగానే, తన పొట్టకూ రాసుకుంది. తోమలేదు. పిల్లకు రాసినంత మెల్లగానే రాసింది. పొట్ట మెత్తగా, వెచ్చగా ఉంది. ఇన్నేళ్లలో తనకే తెలియలేదు.

బెల్టు బొగ్గుపొయ్యిలోకి పోయింది. మర్నాడు రాజేష్ చొక్కాను జేబులు తడమకుండానే ముంచింది. అనుమానం పోయిందని కాదు. దానికి తీరిక లేకపోయింది.

పై నెల మళ్లీ భద్రాచలం బస్సు. కండక్టరు కొత్తవాడు, చూపు మాత్రం పాతదే. ముందు సీట్లో ఉన్నాయనను లేవమన్నాడు. రాజేష్ కిటికీలోంచి అడవిని చూస్తున్నాడు.

"కడుపుతోటి లేనన్నా" అంది సువర్ణ, బస్సంతా వినేలా. "ఇది నా పొట్టే. కాళ్లు గుంజుతున్నయ్. కూసుంట."

కూర్చుని భార్గవిని ఒళ్లోకి లాక్కుంది. పిల్ల మొదట బిగుసుకుంది. పాల్వంచ దాటాక ఆ పొట్టకే ఆనుకుని నిద్రపోయింది.