నల్లకారులో కంపు

ఐసు వ్యాపారి లోకనాథ్ హైదరాబాద్‌లో ఎవరిదో పాత జర్మనీ నల్లకారు కొని ఉప్పాడ తెచ్చాడు. పెళ్లాం పేరు మీదైతే అచ్చొస్తుందని సిద్ధాంతి చెబితే కాగితాలు తలుపులమ్మ పేరనే రాయించాడు. ఆవిడ మురిసిపోతూ హారతిచ్చి, లోపల కూర్చుని, అంతలోనే ముక్కు మూసుకుంది.

"బావా, ఇందులో ఏదో కుళ్లిన కంపొస్తందేంటి?"

"కారుది కాదే, నీది. పొద్దస్తమానం చేపల్లో చేతులెడతావు. రేపట్నించి తానం చేసొచ్చి ఎక్కు."

ఎంత తేలిగ్గా అన్నాడో! ఇరవై ఏళ్లు ఆవిడ తట్ట మోసి అమ్మిన చేపలతోనే ఆ ఐసు వ్యాపారం నిలబడింది. అప్పుడెప్పుడూ కొట్టని కంపు, తోలు సీట్లు చూసేసరికి కొట్టింది మహానుభావుడికి.

తలుపులమ్మ పిచ్చిది, నమ్మింది. పూటకోసారి స్నానం చేసింది. సున్నిపిండి రుద్దింది, నిమ్మచెక్కలతో అరచేతులు మండేదాకా తోముకుంది. అయినా కారెక్కితే అదే కంపు. చుట్టాలింట్లో పేరంటానికి వెళ్లి కూడా ఓ మూల విడిగా కూర్చుంది. మాటిమాటికీ పమిట కొంగు వాసన చూసుకునేది. కాకినాడ మార్కెట్లో బేరగాళ్లని గడగడలాడించిన మనిషికి తన ఒళ్లంటే తనకే రోత పుట్టింది.

నెల తిరక్కుండానే కారు ఆగిపోయింది. తెర మీద ఎర్రదీపాలన్నీ వెలిగాయి. కాకినాడ మెకానిక్కులు బానెట్ ఎత్తి చూసి, "దీని కంప్యూటర్ మా దగ్గర లేదండి" అని మర్యాదగా దించేశారు. కంపెనీ షెడ్డు విశాఖలో ఉంది. వాళ్లకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని గంటసేపు తిప్పి, లారీ మీద తీసుకురమ్మన్నారు. సంతకానికి ఓనరు రావాలన్నారు. దాంతో తలుపులమ్మని తీసుకెళ్లక తప్పలేదు. లారీ ముందు సీట్లో దారి పొడుగునా లోకనాథ్ మొహం కిటికీ బయటే పెట్టి కూర్చున్నాడు.

షెడ్డులో సుధాకర్ అనే మెకానిక్ కారు తలుపు తీసి, రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇందులో చేపలేమైనా ఎక్కించారా సార్?"

"మా ఆవిడండి" అని లోకనాథ్ నవ్వాడు. "చేపలమ్ముద్ది. ఎంత కడిగినా పోదు."

నలుగురు మగాళ్ల ముందు. తలుపులమ్మకి అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది.

సుధాకర్ కింద పరిచిన గుడ్డ లాగాడు. అడుగున వేలెడు మందాన నల్లటి బురద, చివికిన స్పాంజి, ఎండి అట్టకట్టిన ఎలుక.

"ఇది వరదలో మునిగిన కారండి. సీట్ల దాకా నీళ్లొచ్చాయి. పైన కొత్త గుడ్డేసి మీకంటగట్టారు. వైర్లన్నీ పోయాయి. పార్టులు విదేశాల నుంచి రావాలి. ఇప్పటికి అతుకులేస్తే పదిరోజులు నడుస్తుందేమో."

తలుపులమ్మ ఆ బురదని చూసింది. తన చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన, అంతే. మొగుడు ఒక్క మాటంటాడేమోనని చూసింది. తప్పయిందనక్కర్లేదు, తన మొహం వంక చూసినా చాలు.

లోకనాథ్ ఆవిడని పక్కకి లాగాడు.

"మన దగ్గర ఐసు కొనే మొగల్తూరు గణేష్‌బాబు ఈ కారు తనకిమ్మని రెండుసార్లడిగాడు కదా. అతుకులేయించి అతనికి అమ్మేద్దాం. కంపెందుకంటే నువ్వు కార్లో చేపలు తెచ్చావని చెప్పు, కడిగితే పోద్దను. చెల్లెమ్మంటాడు కదా, నీ మాటైతే నమ్ముతాడు."

అనడమే కాదు, అప్పుడే ఫోన్ కలిపి ఆవిడ చేతిలో పెట్టాడు.

మొగుడంటే అంత అసహ్యం తలుపులమ్మకి ఎన్నడూ కలగలేదు. కారులో ఆ ఎలుకని చూసినప్పుడు కూడా ఇంత రోత పుట్టలేదు.

"చెప్పు చెల్లెమ్మా, కారెలా ఉంది?" అన్నాడు గణేష్‌బాబు.

"కొనకన్నయ్యా. వరదలో మునిగిన బండి." ఆవిడ మొగుడి మొహంలోకి సూటిగా చూస్తూ, షెడ్డులో అందరికీ వినపడేలా గొంతు పెంచింది. "కంపు దాందే. నాది కాదు."