ఆదివారం నాటి ఓటు

ఆదివారం ఉదయం 11 గంటల 42 నిమిషాలకు ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అనుకూలం 270, వ్యతిరేకం 271. మిజోరం మొత్తానికి ఉన్న ఒక్క సీటు ఖాళీగా ఉంది. ఆ ఓటు పడి ఉంటే లెక్క సమానమయ్యేది, స్పీకర్ ఓటుతో ప్రభుత్వం నిలిచేది.

కొండ ప్రజల పార్టీ కార్యదర్శి రోజామికి ఐజోల్‌లో ఆ సంగతి పన్నెండుంపావుకు తెలిసింది. ఆదివారం దేవుడిది కనుక శనివారం సాయంత్రం ఆరింటికే ఫోన్లు కట్టేయడం పార్టీ పద్ధతి. అప్పటికి ఓటింగ్ ఇంకో అరగంటలో ఉందన్నారు. గెలిచామన్న మాట వినాలని ఆదివారం ప్రార్థన అవగానే చర్చి మెట్ల మీదే ఫోన్ తెరిచింది. వెంటనే మోగింది. ప్రభుత్వ పక్షం విప్ త్రిపాఠి.

"మీకున్నదే ఒక్క ఎంపీ. ఆ ఒక్కడూ ఎక్కడ చచ్చాడమ్మా?"

"ఓటింగ్ నిన్న కదా?"

"ఉపన్యాసాలు తెమల్లేదు, ఇవాళ్టికి మార్చారు. ఆయనకి చెప్పాం. 'విన్నాను' అన్నాడు. వస్తానంటున్నాడనుకున్నాం!"

రోజామి ఫోన్ పెట్టేసింది. ఆమె ఊరు ఏటికి ఆవల. వానాకాలం రోగుల్ని వెదురు బుట్టల్లో మోసుకుని దాటించాలి. కిందటేడు ఆమె చెల్లెలు బుట్టలోనే పోయింది. మద్దతుకి బదులుగా అక్కడ వంతెన ఇస్తామన్నారు. సోమవారం ఫైలు క్యాబినెట్ ముందుకి రావాలి.

ఆమె ఢిల్లీలో ఉన్న తమ ఎంపీకి ఫోన్ చేసింది. మిజోల్లో మగవారి పేరుకి ముందు 'పు', ఆడవారి పేరుకి ముందు 'పి' అనడం మర్యాద.

"పు థాంగ్‌ఖుమా, ఎందుకు వెళ్ళలేదు?"

"ప్రార్థనకి వెళ్ళాను, పి రోజామి. ఆదివారం కదా."

"వంతెన పోయిందండీ!"

"ఆమధ్య అసెంబ్లీ ఎన్నికల ఓట్ల లెక్కింపు ఆదివారం పెడితే జనాన్ని రోడ్డు మీద కూర్చోబెట్టిందెవరు? సోమవారానికి మార్పించిందెవరు? ఆ ఊపులోనే కదా నేను గెలిచాను? ఆదివారం పార్టీ పని చేయరాదని నిబంధన రాసింది మీరు కాదూ?"

"ఇది పార్టీ పనా? దేశం పని!"

"దేశం పనైతే మరి మీరు ఫోనెందుకు కట్టేశారు?"

రోజామి మెట్ల అంచుకి జరిగింది.

"హలో? పి రోజామి? ఉన్నారా?"

ఉంది. పాటల పుస్తకాలతో జనం ఆమె పక్కనుంచి దిగిపోతున్నారు.

సాయంత్రం ఐదింటికి ప్రధానమంత్రి రాజీనామా ఇచ్చారు. సోమవారం క్యాబినెట్ పట్టికలో వంతెన ఏడో అంశం. సోమవారం క్యాబినెట్ కూర్చోలేదు.