సుగుణమ్మకు అందని గిన్నె

నేను ఒక కంచు గిన్నెను. తుని దగ్గర ఒక పేటలో, రేకుల కప్పున్న ప్రార్థన మందిరంలో ఉంటాను. నెలకు ఒక్క ఆదివారమే నాకు పని. ఆ రోజు విశ్వాసులు రొట్టె విరిచి, నాలో పోసిన ద్రాక్షరసం ఒకరి తర్వాత ఒకరు గుక్కెడు తాగుతారు. దాన్ని వీళ్ళు బల్ల అంటారు. మిగతా రోజులు బీరువాలో తెల్లగుడ్డ కప్పుకుని కూర్చుంటాను.

నన్ను పోతపోసిన కంచరి కొలిమికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి గాని నిప్పు రాజేసేవాడు కాదు. ఈ సంగతి మా సంఘపెద్ద జ్ఞానప్రకాశం గారి చెవిన పడలేదు. పడి ఉంటే నన్ను ఎప్పుడో పాతిపెట్టేవారు.

ముప్పై ఏళ్ళుగా తమలపాకు తోటల కూలీలు, ఆటో తోలేవాళ్ళు, బడి ఆయాలు నాలోంచి తాగారు. ఒకరి పెదవికీ ఇంకొకరి పెదవికీ నాకెప్పుడూ తేడా తెలియలేదు. పెద్దగారికి మాత్రం దూరం నుంచే తెలిసిపోయేది. తలలో మల్లెపూలు పెట్టుకున్న పిల్లకు మూడు నెలలు బల్ల ఆపారు. దీపావళికి మనవడికి కాకరపువ్వొత్తులు కొన్న తాతకు ఆరు నెలలు. ఆయన చెడ్డవాడని చెప్పలేను. రోజూ మోకాళ్ళ మీద ఏడ్చి ప్రార్థించే మనిషి. అదే నాకు ఇంకా విసుగు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

సుగుణమ్మ మందిరం ఊడుస్తుంది, నన్ను చింతపండుతో తోముతుంది. ఆమె పక్కింటి నూకాలమ్మ వేరే దేవుళ్ళను కొలిచే ముసలమ్మ. నా అన్నవాళ్ళు లేరు. మంచాన పడ్డాక గంజి పట్టిందీ, గుడ్డలు మార్చిందీ సుగుణమ్మే. ప్రాణం పోయాక, ముసలమ్మ ముందే అడిగిందని తల దగ్గర దీపం పెట్టింది. అంతే. మూడో రోజుకల్లా కబురు పెద్దగారికి చేరింది.

“అది అన్యుల ఆచారం. సంఘం ముందు నిలబడి పాపమని ఒప్పుకో. అప్పటిదాకా నీకు బల్ల లేదు” అన్నారాయన.

“ముసల్ది అడిగిందండి, దీపం ఎట్టాను. దాన్ని పాపమని నా నోటితో ఎలా అంటానండి? అబద్ధం కదండీ” అంది సుగుణమ్మ.

అక్కడ నలభై మంది ఉన్నారు. రేపు తమ వంతు వస్తుందని ఎవరి భయం వారిది.

ఆమె మానకుండా వచ్చేది, వెనక వరుసలో కూర్చునేది. నన్ను ఆమె ముందునుంచే పక్కవాళ్ళకు అందించేవారు. ఆమె కళ్ళు నా వెంటే వచ్చేవి. రెండేళ్ళు ఇలా గడిచాయి.

ఆరాధన అయ్యాక నన్ను కడగాల్సింది మాత్రం ఆమే. తాగడానికి పనికిరాని మనిషి తోమడానికి ఎలా పనికొచ్చిందో నన్నడక్కండి. అడుగున గుక్కెడు రసం మిగిలేది. అది మురుగులో పోయకూడదు, గోడవార మట్టిలో పోయాలని నియమం. పంపు దగ్గర మేమిద్దరమే ఉండేవాళ్ళం. తాగెయ్యవే తల్లీ, ఎవరు చూడొచ్చారు అని నేను లోపల్లోపలే గింజుకునేదాన్ని. ఆమె నన్ను రెండు చేతులా పట్టుకుని కాసేపు చూసేది. “పిలిచి ఇస్తేనే తాగుతాను ప్రభువా” అని మట్టిలో పోసేసేది.

పోయిన నెల పెద్దగారు పంపు దగ్గరికే వచ్చారు.

“ఇన్నాళ్ళూ గిన్నె నీ చేతిలోనే ఉంది. చాటుగా తాగలేదని నమ్మకమేంటి?”

సుగుణమ్మ నన్ను కొంగుతో తుడిచి ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. మరుసటి ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. “చూశారా, తప్పు చేసింది కాబట్టే ముఖం చాటేసింది” అని ఆయన సంఘానికి చెప్పారు. అందరూ తల ఊపారు. ఇప్పుడు బల్లకు చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు తెప్పించారు. నన్ను బీరువా అడుగు అరలోకి నెట్టేశారు.

నన్నెవరూ సాక్ష్యం అడగలేదు, అడగరు కూడా. అందుకే మీకు చెబుతున్నాను. ఇరవై నాలుగు ఆదివారాలు నేను ఆమె చేతుల్లోనే ఉన్నాను. ఆమె తాగలేదు.