పదహారు జీబీ అడిగిన కోడలు

పెళ్ళయిన నలభై మూడో రోజున సింధూరికి ఉద్యోగం వచ్చింది. సగం ఉద్యోగం అనాలి. బెంజ్ సర్కిల్ దగ్గర ఇళ్ళకు డిజైన్లు గీసే ఆఫీసు నడుపుతున్న జ్ఞానేశ్వరిగారు ఆమె కాలేజీలో వేసిన బొమ్మలన్నీ చూసి, "సోమవారం నుంచి రామ్మా. కంకిపాడులో ఒక డూప్లెక్స్ ఇల్లుంది. దాన్ని త్రీడీలో చేసి చూపించు. రెండు వారాల్లో నాకు నచ్చేలా చేస్తే ఉద్యోగం నీదే. కాకపోతే మా దగ్గర ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళే తెచ్చుకోవాలి" అన్నారు.

సింధూరికి సొంత ల్యాప్‌టాప్ ఏనాడూ లేదు. కాలేజీలో ల్యాబూ, హాస్టల్లో సుస్మిత ల్యాప్‌టాపూ, అదీ సుస్మిత సినిమా చూడని వేళల్లో, వీటితోనే చదువు గట్టెక్కింది. అందుకని జ్ఞానేశ్వరిగారిని వదలకుండా అడిగి, చెప్పినవన్నీ మిగిలిపోయిన తన పెళ్ళి శుభలేఖ వెనక రాసుకుంది. ర్యామ్ పదహారు జీబీ ఉండాలి. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండాలి, దానికి సొంతంగా ఆరు జీబీ మెమరీ ఉండాలి. ప్రాసెసర్ పేరు చివర హెచ్ అనే అక్షరం ఉండాలి. "బరువుగా ఉంటుంది, ఫ్యాన్ మోత మోగుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉండదు. అయినా అదే తీసుకో" అని ఆవిడ అంటే, ఆ మాట కూడా రాసుకుని కింద రెండు గీతలు గీసుకుంది.

ఇక మొగుడూ పెళ్ళాలిద్దరూ వేసుకున్న పథకం ఎంత బాగుందో చెప్పలేం. శుక్రవారం సాయంత్రం లక్ష్మీకాంత్ బ్యాంకు నుంచి వచ్చేస్తాడు. ఒకే రంగువి కొనుక్కున్న రెండు హెల్మెట్లూ పెట్టుకుని బండి మీద వెళతారు. ల్యాప్‌టాప్ పెట్టెను సింధూరి ఒళ్ళో పెట్టుకుంటుంది. దారిలో ఆగి చెరో ద్రాక్షరసం తాగుతారు. రెండు స్ట్రాలు ఒకే గ్లాసులో వేయించుకోవాలా వద్దా అన్నదొక్కటే ఇంకా తేలలేదు.

ఆ మాట గురువారం భోజనాల దగ్గర మామగారి చెవిన పడింది.

రామకోటేశ్వరరావుగారికి ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డుంది. కంపెనీ నుంచి లారీ ఇంజనూ చక్రాలూ ఉన్న ఉత్త చాసిస్‌గా వస్తుంది. క్యాబిన్ దగ్గర్నుంచి వెనక తలుపుల దాకా ఈయన షెడ్డులోనే తయారవుతాయి. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని. ఆ ముప్పై ఏళ్ళలోనూ తెలిసినవాళ్ళ షాపులో తప్ప ఆయన జత చెప్పులు కూడా కొన్నది లేదు.

"తెలియని షాపుకెళ్తే ఏమిస్తాడు? వాడి దగ్గర అమ్ముడుపోకుండా పడున్నది మనకి అంటగడతాడు. మన వెంకటకృష్ణారావు కొడుకు జయంత్‌కి కంప్యూటర్ల షాపుంది. రేపు నేనూ వస్తా. అయినా కోడలు మొదటిసారి ఉద్యోగానికి వెళ్తోంది, ల్యాప్‌టాప్ నా తరఫున" అన్నాడాయన.

సింధూరి పొంగిపోయింది. ఆ సంతోషమే తన కాళ్ళకు బంధమవుతుందని అప్పుడు తోచలేదు.

"ఎప్పుడండీ వెళ్ళేది?" అని అడిగింది అత్తగారు పద్మావతమ్మ, గోంగూర వడ్డిస్తూ.

"శుక్రవారం పదిన్నరకి రాహుకాలం వచ్చేస్తుంది. ఈలోపే కొనెయ్యాలి. వీడు బ్యాంకుకి ఓ గంట ఆలస్యంగా వెళ్తాడు."

"షాపు తీసేదే పదింటికి నాన్నా" అన్నాడు లక్ష్మీకాంత్.

"అరగంట చాల్దేంట్రా? పెళ్ళిచూపులు పది నిమిషాల్లో తేల్చావ్."

సింధూరికి నవ్వొచ్చింది. నవ్వుతూనే, హెల్మెట్లూ ద్రాక్షరసమూ పోయినట్టే అనుకుంది.

మర్నాడు ముగ్గురూ మామగారి కారులో వెళ్ళారు. పది దాటి ఏడు నిమిషాలకు షట్టరు లేచింది. జయంత్ ఎదురొచ్చి, "రండి బాబాయ్, రండి వదినా, కూర్చోండి" అని స్టూళ్ళు జరిపి టీ చెప్పాడు. సింధూరి శుభలేఖ చేతిలోకి తీసుకుని, తనకు కావలసినవి వరసగా చదివింది. జయంత్ వింటూనే ఒక నల్లటి ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. సింధూరి కళ్ళు మెరిశాయి. అన్నీ సరిపోయాయి. హెచ్ అక్షరం కూడా ఉంది.

రామకోటేశ్వరరావుగారు దాన్ని రెండు చేతులతో ఎత్తి చూశాడు.

"ఇదేంటయ్యా, ఇంత బరువు? ఆడపిల్ల భుజాన వేసుకు తిరగాలి కదా. ఈ ఛార్జరు చూడు, ఇటుకరాయి లెక్కుంది."

"గ్రాఫిక్స్ కార్డు ఉంటే అలాగే ఉంటుంది మావయ్యగారూ."

"నువ్వుండమ్మా. ఒరే జయంత్, అదేంటి, ఆ వెండి రంగుది?"

అది పల్చగా, పళ్ళెంలా, ఒక్క చేత్తో పట్టుకునేట్టు ఉంది. ఎంత అందంగా ఉందంటే, దాన్ని చూసి ఒక్క క్షణం సింధూరి మనసు కూడా జారింది. తేరుకుని పక్కనున్న చీటీ చదివింది. ర్యామ్ ఎనిమిది జీబీ. గ్రాఫిక్స్ కార్డు ఊసే లేదు.

"దీన్లో ఎనిమిదేనండీ. నాకు పదహారు కావాలి."

"దాందేముందమ్మా, మిగతా ఎనిమిదీ తర్వాత వేయించుకుందాం. ముందే అన్నీ పెట్టి అమ్మేది షాపువాడి లాభానికి. బండి మంచిది తీసుకోవాలి, బాడీ మనకి కావలసినట్టు కట్టించుకోవాలి. ఏం జయంత్, తర్వాత వెయ్యొచ్చుగా?"

జయంత్ అప్పటికి ఇంకో కొనుగోలుదారుకు ప్రింటరు చూపిస్తున్నాడు. తల తిప్పకుండానే, "వెయ్యొచ్చు బాబాయ్, మీరు చెప్పాక ఏముంది" అన్నాడు.

"జ్ఞానేశ్వరిగారు ఇలాంటిది వద్దన్నారు" అంది సింధూరి రెండోసారి, ఇంకాస్త నెమ్మదిగా. ఎదురుగా టీ గ్లాసులు పట్టుకున్నవాళ్ళూ, ప్రింటరు కొనేవాళ్ళూ. పెళ్ళయి రెండు నెలలు నిండలేదు. బహుమతి ఇస్తున్న మనిషితో బజార్లో వాదిస్తే బాగుండదు. భర్త వంక చూసింది. అతను గడియారం వంక చూస్తున్నాడు.

"సింధూ, ర్యామ్ తర్వాత వేయొచ్చంటున్నాడుగా" అన్నాడు మెల్లిగా. "పదీ ఇరవై రెండయింది."

ఇంకో నాలుగు నిమిషాల్లో బిల్లు అయిపోయింది.

ఇంటికి రాగానే పద్మావతమ్మ దేవుడి గదిలో పీట వేసి, దాని మీద ల్యాప్‌టాప్‌ను పెట్టించింది. మూతకు పసుపు రాసి మూడు కుంకుమబొట్లు పెట్టి, మీద ఒక మందారం ఉంచింది. "వాకిట్లో కొత్త కారుకి కూడా బొట్లు ఇంత బాగా కుదర్లేదే" అని మురిసిపోయింది. సింధూరికి కోపం సగం ఆవిరైపోయింది. అంతటి ముచ్చటైన దృశ్యం ముందు కోపం నిలబెట్టుకోవడం తనకు చేతకాదు.

మిగతా సగం మధ్యాహ్నానికల్లా రెండింతలై తిరిగొచ్చింది.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి గంటన్నర పట్టింది. కంకిపాడు ఇంటి ఫైలు తెరిస్తే గోడలు వచ్చాయి. కిటికీలు వచ్చాయి. మెట్లు రావడం మొదలై, మూడో మెట్టు దగ్గర ఆగిపోయాయి. తెర తెల్లబోయింది. చుట్టూ తిరిగే గుండ్రటి గుర్తు ఒకటి వచ్చి, తిరుగుతూనే ఉండిపోయింది. ఆపి మళ్ళీ తెరిచింది. ఈసారి రెండో మెట్టు. ల్యాప్‌టాప్‌ను ఛార్జింగుకు పెట్టి, టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పి, తెరిచున్నవన్నీ మూసేసి ప్రయత్నించింది. గోడల దగ్గరే ఆగింది. సోమవారం జ్ఞానేశ్వరిగారి ఎదుట, మిగతా అమ్మాయిలందరి మధ్య, ఈ గుండ్రటి గుర్తును చూస్తూ కూర్చోవడం ఊహించుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు వారాల గడువులో ఒక వారం మెట్లు ఎక్కడానికే చాలదు.

సాయంత్రం లక్ష్మీకాంత్ వచ్చి చూసి, "పోనీ ఇల్లు కొంచెం చిన్నది చేస్తే?" అన్నాడు.

"ఇల్లు వాళ్ళదండీ" అంది సింధూరి. మూత దించేసి, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అతనికి అది చూసే భయమేసింది.

మామగారు మాత్రం బెంబేలు పడలేదు. "అనుకున్నదేగా? రేపు రెండో శనివారం, వీడికీ సెలవే. రాహుకాలం వెళ్ళాక పోయి ర్యామ్ వేయించుకొద్దాం."

శనివారం పదకొండింటికి మళ్ళీ అదే షాపు, అవే స్టూళ్ళు, అదే టీ. జయంత్ లోపలి నుంచి విఠల్ అనే మెకానిక్‌ను పిలిచాడు. విఠల్ ల్యాప్‌టాప్‌ను బోర్లించి, చిన్న చిన్న స్క్రూలు తీసి, వెనక మూత ఊడదీశాడు. లోపలికి చూసి, మళ్ళీ మూత పెట్టబోయాడు.

"ఏంటి బాబూ?" అన్నాడు రామకోటేశ్వరరావుగారు.

"దీనికి వెయ్యడానికి లేదండీ. ర్యామ్ బోర్డుకే అతికేసి ఉంది. ఇంకోటి పెట్టే చోటే ఇవ్వలేదు."

"చోటు చెయ్యలేమా?"

"చెయ్యలేమండీ. గ్రాఫిక్స్ కార్డు కూడా అంతే, తర్వాత పెట్టేది కాదు. కంపెనీలో ఎలా తయారయిందో, కడదాకా అంతే."

జయంత్ గబగబా అందుకున్నాడు. "నేను వేరే మోడల్ అనుకున్నాను బాబాయ్. మీరంత గట్టిగా అంటుంటే కాదని ఎలా అంటాను? పోనీ వదినా, ఏదైనా చిన్న సాఫ్ట్‌వేర్ చూసుకోరాదూ? ఫోన్లో కూడా బొమ్మలేస్తున్నారు ఇప్పుడు. వెనక్కి తీసుకుందామంటే, మూత మీద పసుపు మరకలు పోవు. సీలు కూడా తీసేశాం."

సింధూరి చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టింది. ఊరూ పేరూ తెలియని షాపువాడైతే నిన్ననే కాదని మొహాన చెప్పేవాడు. ఇతనికి మాత్రం తెలిసినవాళ్ళ మాట కాదనడం తప్పు.

"జయంత్‌గారూ, నాకు చిన్న సాఫ్ట్‌వేర్ వద్దండీ" అంది. అక్కడితో ఆగలేదు. "మావయ్యగారూ, నిన్న నేను రెండుసార్లు చెప్పాను. మీకు లారీ గురించి నేను చెప్తే ఎలా ఉంటుంది? ఇది నా పని. సోమవారం దీంతో వెళ్తే నన్ను రెండో రోజునే పంపించేస్తారు. బహుమతి ఇచ్చారని ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పే."

లక్ష్మీకాంత్ టీ గుటక మింగడం వినిపించింది. విఠల్ స్క్రూలు లెక్కపెట్టుకోసాగాడు.

రామకోటేశ్వరరావుగారు కోడలి వంక చూడలేదు. కళ్ళజోడు సర్దుకుని, తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ మీదికి వంగి, ఆ ఆకుపచ్చ బోర్డును చాలాసేపు చూశాడు. అతుకులు ఆయనకు తెలిసిన విద్య.

"మంచి పనితనం. ఎక్కడా వేలు పెట్టనివ్వలేదు" అన్నాడు చివరికి. "ఇది చాసిస్ కాదమ్మాయ్. మొత్తం కట్టేసి పంపిన బండి. దీన్ని కోస్తే పాడు చెయ్యడమే." లేచి నిలబడి, కొడుకు వైపు తిరిగాడు. "దీన్ని షెడ్డులో పెట్టించు. మన మేస్త్రీ శౌరయ్య కొలతలు రాసుకుంటాడు, వాడికి ఎనిమిది చాలు. అమ్మాయ్, నీకేం కావాలో నువ్వే అడుగు. నేనా గుమ్మం దగ్గర కూర్చుంటా."

"నిన్నటి నల్లది సాయంత్రమే వెళ్ళిపోయింది వదినా" అన్నాడు జయంత్ నసుగుతూ.

సింధూరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అలాంటిదే ఇంకొకటుంది కానీ, దాని కీబోర్డు కింద ఎరుపూ ఆకుపచ్చా ఊదా దీపాలు పెళ్ళి పందిట్లో సీరియల్ బల్బుల్లా పరుగులు తీస్తున్నాయి. గుమ్మం దగ్గర నుంచి "ఆ లైట్లేంటి..." అని వినబడి, అంతలోనే ఆగిపోయింది.

ఆమె తొందరపడలేదు. ల్యాప్‌టాప్ ఆన్ చేయించి, చీటీని నమ్మకుండా, తెర మీదే ఒక్కొక్కటీ తీసి చదివింది. ర్యామ్ పదహారు. గ్రాఫిక్స్ కార్డు పేరు, దాని మెమరీ ఆరు. "ఇందులో ఇంకో ర్యామ్ వేసే చోటుందా?" అని విఠల్‌ను అడిగింది, జయంత్‌ను కాదు. ఉందన్నాడు. "నా సాఫ్ట్‌వేర్ ఇక్కడే ఎక్కించి, నా ఫైలు తెరిచి చూశాకే బిల్లు" అంది. జయంత్ బాబాయ్ వంక చూశాడు. బాబాయ్ రోడ్డు మీద పోయే లారీలను చూస్తున్నాడు.

నలభై నిమిషాలు పట్టింది. లక్ష్మీకాంత్ బయటికెళ్ళి అందరికీ చెరకురసం తెచ్చాడు. భార్యకిచ్చిన గ్లాసులో ఐసు ఎక్కువ వేయించాడు, ఆమెకది ఇష్టమని. "నిన్న నేను గడియారం చూడకుండా ఉండాల్సింది" అని చెవిలో అన్నాడు. "అవును" అంది సింధూరి, గ్లాసు అందుకుంటూ. అంత తేలిగ్గా వదిలిపెట్టే ఉద్దేశం లేదు కానీ రసం మాత్రం చల్లగా, అల్లం తగులుతూ బాగుంది.

ఫైలు తెరుచుకుంది. గోడలు, కిటికీలు, మొదటి మెట్టు. సింధూరి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. రెండు, మూడు, నాలుగు. పద్దెనిమిది మెట్లూ వచ్చి, పైన బాల్కనీ రెయిలింగు కూడా వచ్చేసింది. ఫ్యాన్ రయ్యిమని మోత మొదలెట్టింది. అంత శ్రావ్యమైన చప్పుడు ఈ మధ్య విన్నట్టు లేదామెకు. వేలితో ఇంటిని నెమ్మదిగా తిప్పింది. ఎక్కడా ఆగకుండా తిరిగింది.

ఎప్పుడు లేచొచ్చాడో, మామగారు వెనకే నిలబడి ఉన్నాడు.

"ఈశాన్యంలో మెట్లేంటమ్మా? ఆ ఇంటాయనకి ఎవరూ చెప్పలేదా?"

"అది వాయవ్యం మావయ్యగారూ. నేను ఇంటిని తిప్పాను."

"ఓహో" అన్నాడాయన. ఒక క్షణం ఆగి, "మరి వంటగది..." అని మొదలుపెట్టాడు.

సింధూరి ఆయన వైపు తిరగకుండా, ఇంటిని ఇంకో చుట్టు తిప్పి, "జయంత్‌గారూ, ఇప్పుడు బిల్లు వెయ్యండి" అంది.