బడికి వెళ్తూ

తూములంక పేట బడిలోకి చేపల మేతకి తవుడు బస్తాలు మోస్తున్న రోజు రూతమ్మ అక్కడే ఉంది. ఏడేళ్లుగా ఆ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమే. వేసవి సెలవులు అయిపోవచ్చాయని గిన్నెలు తోమి పెట్టుకుందామని వెళ్లింది. వెళ్లేసరికి బెంచీలు వానలో పడి ఉన్నాయి. నల్లబల్లని ఇద్దరు మనుషులు పెకలించి గోడకి చేరేశారు.

"ఏంటండీ ఇది?" అంది రూతమ్మ.

"బడి ఎత్తేశారు కదమ్మా, మీకు చెప్పలేదా?" అన్నాడు ట్రాక్టరు తోలే అతను. "పిల్లలు తొమ్మిదిమందేనంట. రాజుగారు గోడౌనుకి తీసుకున్నారు."

తొమ్మిదిమంది కాదు, ఇరవై ముగ్గురు. రోజూ వాళ్ల కంచాల్లో అన్నం పెట్టిన మనిషికి ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. కానీ కాగితం మీద తొమ్మిది అని ఉంది. కాగితం మీద ఉన్నదే లోకంలో ఉన్నట్టు.

రాజుగారంటే అబ్బాయిరాజు. పేట చుట్టూ ఉన్న చేపల చెరువులన్నీ ఆయనవే. ఒకప్పుడు అదంతా కొల్లేరు. పేటలో తాతలు వలలు వేసుకుని బతికిన నీళ్లకి గట్లు లేచాయి, గట్ల మీద కాపలా పాకలు లేచాయి, ఆ తాతల మనవలు అవే నీళ్లలో కూలికి వలలు లాగుతున్నారు. రూతమ్మ భర్త సాల్మన్ వాళ్లలో ఒకడు.

పిల్లల్ని పెద్దూరి బడిలో కలిపేశారు. రోడ్డు మీద వెళ్తే ఆరు కిలోమీటర్లు, బడి వేళకి బస్సు లేదు. చెరువు గట్ల మీదుగా అయితే రెండున్నర. అందుకని పిల్లలు గట్ల మీద నడిచారు. పెద్దవాళ్లు ముందూ వెనకా, చిన్నవాళ్లు మధ్యలో, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని.

రూతమ్మ కూతురు షారోనుకి తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి. మాటలపోగు. నడుస్తూ కూడా ఎక్కాలు అప్పజెప్పేది, మిగతా పిల్లలు విసుక్కునేవాళ్లు.

అక్టోబరులో నాలుగు రోజులు వదలకుండా ముసురు పట్టింది. మేత ట్రాక్టర్లు తిరిగి తిరిగి గట్టు మీద నల్లమట్టి పాయసంలా అయింది. మంగళవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి షారోను కాలు జారింది. చెయ్యి పట్టుకున్న పిల్ల చేతిలోంచి ఆ చెయ్యి జారిపోయింది. పిల్లల కేకలు విని పక్క చెరువులో వల లాగుతున్న సాల్మన్ పరిగెత్తుకొచ్చి దూకాడు. దూకి, వెతికి, పైకి తెచ్చాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

కైకలూరు ఆసుపత్రి వరండాలో రూతమ్మ అరిచిన అరుపు వీధిలోకి వినిపించింది. "బడి తీసేశారు, నా పిల్లని చంపేశారు!" అని ఒకే మాట, గొంతు పోయేదాకా. ఆ మాట వినవలసిన వాళ్లు విన్నారు. మర్నాడే కానిస్టేబులు ఒక కాగితం తెచ్చాడు. 'మా కుమార్తె చేపలు పట్టి ఆడుకొనుటకు వెళ్లి, ప్రమాదవశాత్తు చెరువులో పడి మరణించినది. దీనికి ఎవరూ బాధ్యులు కారు.' కింద సాల్మన్ సంతకం అప్పటికే ఉంది. పక్కన తల్లి సంతకానికి చోటు వదిలారు.

రూతమ్మ అయిదో తరగతి దాకా చదివింది, ఆ బడిలోనే. కాగితం రెండుసార్లు చదివింది.

"ఆడుకోవడానికి వెళ్లలేదండీ. బడికి వెళ్తూ పడిపోయింది," అంది.

"ఏదైతే ఏముందమ్మా ఇప్పుడు?" అన్నాడు కానిస్టేబులు.

ఆమె సంతకం పెట్టలేదు.

పిల్లని మట్టిచేసిన మూడోనాడు అబ్బాయిరాజే స్వయంగా పేటకి వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశారు. ఆయన గొంతు ఎప్పుడూ పెంచడు.

"ఏమ్మా రూతమ్మా, నాకూ ఆడపిల్లలున్నారు. ఆ కడుపుకోత నాకు తెలీదా? ఒక్క సంతకం. అది అయిపోతే నువ్వూ ప్రశాంతంగా ఉంటావు, ఊరూ ప్రశాంతంగా ఉంటుంది. సాల్మన్ పదేళ్ల నుంచి మా మనిషి. పేటలో ముప్పై ఇళ్లు మా చెరువుల మీదే బతుకుతున్నాయి. అదికూడా కాస్త ఆలోచించుకో తల్లీ."

ఈ నేల మీద బెదిరింపు కూడా మెత్తగానే వస్తుంది. పార్టీ ఆయనది, పంచాయతీ ఆయనది. ఇక అరవడం దేనికి?

సాయంత్రం పాస్టరు క్రీస్తుదాసు వచ్చి ప్రార్థన చేశాడు. చేసి, బైబిలు మూసి, "దేవుని చిత్తం అమ్మా. క్షమించడం నేర్చుకోవాలి," అన్నాడు. చర్చికి స్లాబు వేయించింది అబ్బాయిరాజు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పాస్టరు చూపు నేల మీదే ఉంది.

"క్షమిస్తానండీ," అంది రూతమ్మ. "ముందు ఎవరైనా తప్పు చేశామని చెప్పాలి కదండీ."

అత్త కనకరత్నం కోడలి తల దువ్వుతూ చెప్పింది. "పిల్ల ఎలాగూ రాదే. మగాడి పని కూడా పోతే ఏం తింటాం? నాకు ఇద్దరు పిల్లలు జ్వరాలొచ్చి పోయారు. నేను బతకలేదా? పెట్టెయ్యి." ఆ వేళ్లు చిక్కులు ఎంతో జాగ్రత్తగా తీస్తున్నాయి. రూతమ్మకి ఆ జాగ్రత్తే ఎక్కువ బాధనిపించింది.

సూర్యనారాయణ మాస్టారు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. షారోనుకి మూడేళ్లు అక్షరాలు చెప్పిన మనిషి. ఇప్పుడు పెద్దూరి బడిలో పనిచేస్తున్నాడు. "ఆఫీసు నుంచి చెప్పమన్నారు రూతమ్మా... పిల్ల ఆరోజు బడికి బయల్దేరలేదని రాస్తే..." అని ఆగిపోయాడు. "నేను చెప్పలేను," అని వెళ్లిపోయాడు.

చివరికి సాల్మన్ అన్నాడు, గోడవైపు తిరిగి. "పెట్టెయ్యి రూతూ. నా వల్ల కాదు."

ఆరోజు ఆమె అన్నం వండి షారోనుకి కూడా కంచం పెట్టింది. ఆ కంచం ముందు కూర్చుని ఉండిపోయింది. ఎవరూ దాన్ని తియ్యలేదు.

శనివారం ఏలూరు నుంచి పెర్సిస్ వచ్చింది. సాల్మన్ అన్న కూతురు, హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. పిన్ని చేతిలో నలిగిపోయిన కాగితం తీసుకుని చదివింది. ఎవరెవరు వచ్చారో, ఏమేం అన్నారో అడిగింది. రూతమ్మ ఒక్కొక్కటీ చెప్పింది.

"మా సోషియాలజీలో ఒక పాఠం ఉంది పిన్నీ," అంది పెర్సిస్. "కుటుంబం, మతం, రాజకీయం, చదువు. ఈ నాలుగూ కలిసి సమాజాన్ని నిలబెడతాయని. పరీక్షలో వచ్చింది. నేను బాగా రాశాను, మార్కులు కూడా వేశారు."

"ఆ నలుగురూ వచ్చారే మనింటికి," అంది రూతమ్మ. "ఒకటే కాయితం పట్టుకుని."

పెర్సిస్ కాగితం మడిచి పిన్ని చేతికి ఇచ్చింది. తర్వాత నెమ్మదిగా అంది. "అవును పిన్నీ. కానీ మామ్మ రాజుగారి మనిషి కాదు, మన మనిషి. పాస్టరుగారూ మన పేటలో పుట్టినాయనే. బడి మనది. మనవన్నీ ఆయన చేతిలో ఉన్నాయి, అంతే. తిరిగి లాక్కోవాలి."

"ఎలా లాక్కుంటామే?"

"నాకు తెలీదు. ముందు అందర్నీ అడుగుదాం."

ఆదివారం ఆరాధన అవగానే రూతమ్మ చర్చి మెట్ల మీద నిలబడింది. జనం ఇళ్లకి కదులుతున్నారు. ఆమె కాగితం విప్పి మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదివింది. అందరూ ఆగిపోయారు.

"నాకు ఒక్కటి చెప్పండి," అంది. "నా పిల్ల ఆడుకోవడానికి వెళ్లిందా?"

"ఇప్పుడు అదంతా ఎందుకమ్మా?" అన్నాడొక పెద్దాయన. "రేపటి నుంచి పనిలోకి రావద్దంటే ఏం చేస్తాం?"

"మీకు పని కావాలి. నా కొడుకు రేపు అదే గట్టు మీద నడవాలి. వాడి సంగతేంటి?" అని వెనక నుంచి ఒక ఆడమనిషి అరిచింది.

"చెరువులు ఆయనవి. ఎదురుతిరిగి ఎక్కడికి పోతాం?"

"ఎక్కడికీ పోం! ముందు ఈ నీళ్లు ఎవరివి?"

మాట మీద మాట పెరిగింది. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు చీలిపోయారు. పాస్టరు చేతులెత్తి శాంతం శాంతం అంటున్నాడు. రూతమ్మ ఆ గోలలో భర్తవైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. పైకి తెచ్చింది నువ్వు. చేపలు పట్టడానికి వెళ్లిన పిల్ల వీపు మీద పుస్తకాల సంచి ఉంటుందా?"

సాల్మన్ మెట్ల దగ్గరికి వచ్చాడు. గోల అణిగిపోయింది.

"సంచి ఉంది," అన్నాడు. "పట్టీ చేతికి చుట్టుకుపోయింది. రాకపోతే పళ్లతో కొరికి తెంపాను. గట్టు మీద పెట్టాను. రాజుగారి మనిషి తీసుకుపోయాడు. చూశాను. చూస్తూ నోరెత్తలేదు. మర్నాడు సంతకం పెట్టమంటే పెట్టాను." అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. పది సంవత్సరాలు మెడలోతు నీళ్లలో వల లాగిన మనిషి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

కనకరత్నం వెళ్లి కొడుకుని చెంప మీద కొట్టింది. కొట్టిన చేత్తోనే తలని పొట్టకి హత్తుకుంది. తర్వాత జనం వైపు తిరిగింది.

"నాకు ఇద్దరు పోతే దేవుడు తీసుకున్నాడనుకున్నాను. ఊళ్లో డాక్టరు లేడని ఎవరూ చెప్పలేదు. ఇక ఈ పేటలో పిల్లలు ఆ గట్టెక్కరు. రేపు బడి తెరుద్దాం పదండి."

సోమవారం పొద్దున్న మొదటి బస్తా మీద చెయ్యి వేసింది కనకరత్నమే. తాళం మగవాళ్లు విరగ్గొట్టారు, బస్తాలు ఆడవాళ్లు మోశారు. ఒక్క బస్తా చింపలేదు, ఒక్క గుప్పెడు తవుడు పారబొయ్యలేదు. అన్నీ బయట వరసగా పేర్చి, తడవకుండా పరదా కప్పారు. దొంగలన్న మాట ఎవరి మీద పడాలో వాళ్లకి తెలుసు. గది కడిగి బెంచీలు లోపలికి తెచ్చారు. అంతలో చర్చి గంట మోగింది. చూస్తే గంట తాడు పాస్టరు క్రీస్తుదాసు చేతిలో ఉంది.

"బడి గంట పట్టుకుపోయారు కదమ్మా," అన్నాడు, ఎవరి మొహం చూడకుండా.

తొమ్మిదింటికి సూర్యనారాయణ మాస్టారు పాత స్కూటరు మీద వచ్చాడు. జనం దారి ఇవ్వలేదు. ఆయన దిగి అక్కడే నిలబడి చెప్పాడు. "ఇరవై ముగ్గుర్ని తొమ్మిదిమంది అని రాసింది నేనే. తక్కువ రాయమన్నారు. రాయకపోతే ఎక్కడో కామవరపుకోట అవతలికి బదిలీ అన్నారు. మా ఆవిడకి ఒంట్లో బాగుండదు. రాశాను. ఆ అంకె వేసినప్పుడు షారోను నా బల్ల పక్కనే నిలబడి, ఏం రాస్తున్నారు మాస్టారూ అని అడిగింది. ఎక్కడ చెప్పమన్నా చెప్తాను."

రూతమ్మ ఆయనవైపు చూసింది. తిట్టాలనిపించింది. కొట్టాలనిపించింది. చివరికి పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. "పిల్లలు కూర్చున్నారు. వెళ్లండి," అంది.

పన్నెండింటికి రెండు పోలీసు జీపులు, ఒక వ్యాను వచ్చాయి. బడి వెనక రూతమ్మ గంజి వారుస్తోంది. ఎస్సై నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"నువ్వేనా రూతమ్మ? ఎవరి పర్మిషన్‌తో వచ్చావు ఇక్కడికి?"

"నేను ఈ బడిలో వంటమనిషినండీ. పిల్లలకి అన్నం వేళయింది. పెట్టేసి వస్తాను, అయిదు నిమిషాలు ఆగండి."

ఆగలేదు. జబ్బ పట్టుకుని లాగారు. సాల్మన్ అడ్డం వచ్చాడు, అతన్నీ ఎక్కించారు. "ఆమెనొక్కదాన్నే ఎలా తీసుకెళ్తారు?" అంటూ ఆడవాళ్లు వాళ్లంతట వాళ్లే వ్యాను ఎక్కడం మొదలుపెట్టారు. పద్నాలుగుమంది ఎక్కాక చోటు చాల్లేదు. కనకరత్నం గరిటె తీసుకుని పిల్లల కంచాల్లో అన్నం పెడుతూనే ఉంది. బడి కిటికీలోంచి పెర్సిస్ అరిచింది. "పిన్నీ, బడి నేను చూసుకుంటాను!"

స్టేషన్లో మళ్లీ కాగితం పెట్టారు. ఈసారి రూతమ్మ కలం అడిగింది. ముద్ద అక్షరాలతో, తప్పులతో, తనే రాసింది. 'నా కూతురు షారోను బడికి వెళ్తూ చచ్చిపోయింది. మా బడి తీసేసినందుకు చచ్చిపోయింది.' కింద సంతకం పెట్టింది. దాని పక్కన సాల్మన్ పెట్టాడు. తర్వాత మాస్టారు తన వాంగ్మూలం తనే తెచ్చి ఇచ్చాడు. బయట జనం కదలకుండా కూర్చున్నారు. సాయంత్రానికి పోలీసులకి ఆ కాగితం తీసుకోక తప్పలేదు.

అయినా గెలిచారని ఎవరనగలరు? బడికి ప్రభుత్వం వాళ్లు తాళం వేసి సీలు వేశారు. మాస్టారుని సస్పెండు చేశారు. పేటలో మగవాళ్లని పనిలోకి రావద్దన్నారు, వాళ్ల స్థానంలో ఎక్కడినుంచో కూలీలు లారీలో దిగారు. పిల్లలు చర్చిలో చాపల మీద కూర్చుంటే పెర్సిస్ పాఠాలు చెబుతోంది. షారోను లేదు. ఎన్ని కాగితాలు రాసినా లేదు.

మూడోరోజు మధ్యాహ్నం అందర్నీ బెయిలు మీద విడిచిపెట్టారు. కైకలూరులో బస్సెక్కినప్పటి నుంచి రూతమ్మకి ఒకటే ఆలోచన. ఇంటికెళ్లి, తలుపు వేసుకుని, పిల్ల ఉతకని గౌను మొహానికి పెట్టుకుని పడుకోవాలి. లోకం ఏమైనా కానీ. ఇక తన వల్ల కాదు.

రేవు దగ్గర బస్సు దిగేసరికి ఎవరో పది పన్నెండుమంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఈ పేటవాళ్లు కారు. చెరువులకి అవతల లంక నుంచి పడవ మీద వచ్చారు. వాళ్ల బడీ జూన్‌లోనే మూసేశారు. అందులో చిన్నామె ముందుకి వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక చీర కొంగు నలుపుకుంటూ అంది.

"మా పిల్లలు కూడా గట్టు మీదే వెళ్తున్నారండీ. మీరొకసారి మా ఊరు వచ్చి చెప్తారేమోనని..."

సాల్మన్ "ఇప్పుడు కాదమ్మా, ఆమెని పడుకోనివ్వండి," అంటున్నాడు.

"మీ పిల్ల ఏ క్లాసు?" అని అడిగింది రూతమ్మ.

"నాలుగండీ."

రూతమ్మ ఇంటివైపు తిరగలేదు. కళ్లు తుడుచుకుని పడవ వైపు నడిచింది.