నా చేతుల్లో లేనిది

అబ్బులును పాము కరిచిన రోజున మార్తమ్మ అదే చేలో కలుపు తీస్తోంది. అబ్బులు ఆ చేను కౌలుకు చేసుకుంటున్న కుర్రవాడు. గట్టు మీద నడిచి వస్తూ ఒక్కసారిగా కేక పెట్టి కూలబడిపోయాడు. మడమ పైన రెండు గాట్లు కనిపించాయి. పాము గడ్డిలోకి జారిపోవడం ఆడవాళ్లు చూశారు. తాచే అన్నారు.

మార్తమ్మ భర్త దేవసహాయం ఆటో నడుపుతాడు. ఫోన్ చేస్తే, అవనిగడ్డ సెంటర్లో ఉన్నాను, వస్తున్నానన్నాడు. ఆటో వచ్చేదాకా చెయ్యడానికి ఏమీ లేదు. మార్తమ్మ అబ్బులు కాలు ఒళ్లో పెట్టుకుని, బురద చేతులతోనే పట్టుకుని ప్రార్థన చేసింది. ఆమెది పెద్ద గొంతు. కాలవ అవతల చేలలో వంగి ఉన్నవాళ్లు కూడా నడుములెత్తి చూశారు.

అవనిగడ్డ ఆసుపత్రిలో అబ్బులును మర్నాటి దాకా ఉంచి రక్త పరీక్షలు చేశారు. కాలు వాయలేదు, కళ్లు మూతలు పడలేదు. అతను నిద్రపోతున్నప్పుడు డాక్టరమ్మ వచ్చి, మంచం పక్కనున్న మార్తమ్మతో, దేవసహాయంతో చెప్పింది.

"పాము కరిచింది గానీ విషం ఎక్కించలేదు. ఒక్కోసారి అలా జరుగుతుంది. భయం లేదు, తీసుకెళ్లండి."

ఊళ్లో మాత్రం ఆ మాట ఎవరికీ చేరలేదు. తాచు కరిచిన కుర్రాడు మార్తమ్మ ప్రార్థనతో లేచి నడిచాడన్నదే చేరింది. అబ్బులుకు కూడా అదే తెలుసు. వాళ్ల కుటుంబంలో ఎవరూ గుడికి గానీ చర్చికి గానీ పెద్దగా వెళ్లేవాళ్లు కాదు. ఆ ఆదివారం తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మార్తమ్మ వెళ్లే చర్చికి, ఊళ్లో ప్రార్థన మందిరానికి వచ్చాడు. లేచి నిలబడి, దేవుడు తనను ఎలా బతికించాడో సాక్ష్యం చెప్పాడు. కాలు లాగేసిందని చెప్పాడు. తర్వాతి వారం కాలు నల్లబడిందన్నాడు. ఆ పై వారం ఊపిరి ఆగిపోయిందన్నాడు. అబద్ధం చెబుతున్నానని అతనికి తెలియదు. చెప్పిన ప్రతిసారీ అతనికి అలాగే గుర్తొచ్చేది.

"డాక్టరమ్మ చెప్పింది చెప్పరాదూ?" అన్నాడు దేవసహాయం ఇంటికొచ్చాక.

"విషం ఎక్కకుండా చేసింది దేవుడే అయ్యుండొచ్చు కదా."

"అయ్యుండొచ్చు. ఆ మాటే చెప్పు. ఇంతకీ చేసింది ఆయనా, నువ్వా?"

మార్తమ్మ లేచి అన్నం వార్చడానికి వెళ్లింది. దేవసహాయం రెట్టించలేదు. ఎక్కువ మాట్లాడే మనిషి కాడు.

ఆ మందిరంలో మార్తమ్మ ఏళ్ల తరబడి శనివారం సాయంత్రాలు నేల కడిగింది. ఆదివారం గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన చాప మీద కూర్చునేది. ఆమెకు చదువు రాదు. బైబిలు వాక్యం ఎవరో చదివితే వినాలి. కూడికల్లో ఆమెను ప్రార్థన చెయ్యమని అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు టీచరు ఉద్యోగాలు చేసే ఆడవాళ్లు ఆమెను ముందుకు పిలిచి కూర్చోబెడుతున్నారు. నాగాయలంక నుంచి, కోడూరు నుంచి జ్వరాలతో, నడుం నొప్పులతో మనుషులు వస్తున్నారు. "అమ్మగారూ, ఒక్కసారి చెయ్యి పెట్టండి" అని తల వంచుతున్నారు. అది ఆమెకు ఇష్టంగానే ఉంది. ఆమె చెయ్యి పెట్టాక కొందరికి తగ్గింది, కొందరికి తగ్గలేదు. తగ్గినవాళ్లే మళ్లీ వచ్చి చెప్పేవాళ్లు.

గుడివాడ నుంచి జయంత్ గారు వచ్చింది అప్పుడే. ఆయన అక్కడ ఒక పెద్ద సంఘంలో ప్రార్థన కూటాలు ఏర్పాటు చేసే మనిషి. నలభై ఏళ్లుంటాయి. మాట మెత్తన. ఆయన వాక్యం ఫోన్లలో వినేవాళ్లు ఇక్కడ దివిసీమలో కూడా ఉన్నారు. తెల్ల కారు దిగి, బురదలో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చి, మార్తమ్మ ఇచ్చిన టీ తాగి, అబ్బులును పిలిపించుకుని అంతా విన్నాడు. వింటుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్లు కావు.

"గుడివాడలో మూడు రోజుల కూటాలు పెడుతున్నామమ్మా. మీరు వచ్చి ప్రార్థన చెయ్యాలి. అబ్బులు సాక్ష్యం చెబుతాడు" అన్నాడు. "మీలాంటివాళ్లు ఇక్కడ మూల పడి ఉండకూడదు. మా సంఘానికి అక్కడ ఇల్లొకటి ఖాళీగా ఉంది. మీరూ మీవారూ వచ్చి ఉండొచ్చు. ఈ వయసులో ఇంకా బురదలో దిగడమేంటమ్మా?"

మార్తమ్మ మోకాళ్లు ఆ మాట విన్నాయి. నాట్ల రోజుల్లో ఆమెకు పొద్దున్నే లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవాలి.

"ప్రార్థన చేసుకుని చెబుతానండి" అంది.

ఆ వారమంతా ఆమె మోకరించింది గానీ గుడివాడ సంగతి మాత్రం దేవుడి దగ్గర ఎత్తలేకపోయింది. ఊరందరి కోసం ప్రార్థన చేసేది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుపోయేది. అడిగితే ఏం జవాబు వస్తుందో ఆమెకు తెలుసు. అందుకే అడగలేదు. శుక్రవారం జయంత్ గారు ఫోన్ చేస్తే, సరేనండి వస్తానంది. ఆ రోజు దేవసహాయం అన్నం తిని, కంచం కడిగి బోర్లించి, "నువ్వెళ్లు. నాకు కిరాయిలున్నాయి" అన్నాడు.

కూటాల కోసం ముందుగా ఒక వీడియో తియ్యాలని జయంత్ గారు మళ్లీ వచ్చాడు. కెమెరా పట్టుకునే అతణ్ణి వెంట తెచ్చాడు. మార్తమ్మకు తెల్ల చీర తెచ్చాడు. ఆమె కట్టుకుంది. మధ్యాహ్నం ఎండ తగ్గాక వాకిట్లో, వేపచెట్టు నీడన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పేరు చెప్పమన్నారు. చెప్పింది. దేవుడు మీకు ఈ వరం ఎప్పుడిచ్చాడమ్మా అని అడిగారు. ఆమె ఏదో చెప్పబోతుండగా వీధిలో బండి హారన్ ఆగకుండా మోగింది.

బండి నడుపుతున్నది అబ్బులు. వెనక శ్రీను, శ్రీనును పట్టుకుని ఇంకొకడు. శ్రీను పక్క వీధిలో ఉండే వెంకాయమ్మ కొడుకు. గడ్డి మోపు ఎత్తుతుంటే చేతికి పాము కరిచిందట. వాళ్లు అవనిగడ్డ రోడ్డు ఎక్కబోయి, అబ్బులు మాట మీద బండి వెనక్కి తిప్పి ఇటు తీసుకొచ్చారు.

"ఆసుపత్రి ఎందుకని నేనే తెచ్చానక్కా" అన్నాడు అబ్బులు ఆయాసపడుతూ. "నాకు చేసినట్టే చెయ్యి."

శ్రీనును అరుగు మీద కూర్చోబెట్టారు. వెంకాయమ్మ చెప్పులు లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చి మార్తమ్మ కాళ్ల దగ్గర పడింది. "వదినా, నీ దేవుణ్ణి అడుగు. మోపిదేవి సామికీ మొక్కుకున్నా, నీ దేవుడికీ మొక్కుతున్నా. నా బిడ్డను నాకియ్యి."

మార్తమ్మ శ్రీను గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. రెప్పలు సగానికి వాలిపోయి ఉన్నాయి. ఎత్తమంటే ఎత్తలేకపోతున్నాడు. ఏదో అనబోతే నాలుక తిరగలేదు. నోటి చివర చొంగ కారుతోంది. ఆ రోజు అబ్బులుకు ఇవేమీ లేవు.

వెనక నుంచి జయంత్ గారు కెమెరా అతనికి చెయ్యి ఊపడం ఆమెకు కనిపించింది. ఆయన దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు. "అమ్మా, దేవుడే పంపాడు. రెండు నిమిషాలు ప్రార్థన చెయ్యండి. తర్వాత ఆసుపత్రికి పంపిద్దాం. రెండింటికీ అడ్డం లేదు కదా."

చుట్టూ అప్పటికే మనుషులు మూగారు. అందరూ ఆమె చేతుల వైపే చూస్తున్నారు. రెండు నిమిషాలు పెద్ద ఆలస్యమేమీ కాదని ఆమెకూ అనిపించింది. చేతులు కొంచెం లేచాయి కూడా. అప్పుడు ఆమెకు భయం వేసింది. శ్రీను చచ్చిపోతాడేమోనన్న భయం కాదది. అతను బతికితే తన గతేమిటన్న భయం. బతికితే డాక్టరమ్మ చెప్పిన మాట ఇంక తను ఎప్పటికీ చెప్పలేకపోతుంది. రేపు ఇంకొకణ్ణి తెస్తారు, ఎల్లుండి మరొకణ్ణి. దేవుడి పేరు చెప్పి తన గుమ్మం దగ్గర ఒక్కొక్కరినీ పడుకోబెడతారు.

ఆమె చేతులు కిందికి దించింది.

"నా చేతుల్లో ఏమీ లేదు వదినా," అంది గట్టిగా. "ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లే."

"అదేంటక్కా! నన్ను బతికించావు కదా" అన్నాడు అబ్బులు.

"నేను బతికించలా. నీకు విషం ఎక్కలేదంతే. డాక్టరమ్మ నాకు చెప్పింది. నీకు నేను చెప్పలా. వీడికి ఎక్కింది, చూడు కళ్లు."

అబ్బులు ఆమె వైపు చూసిన చూపు ఆమె తర్వాత చాలా రోజులు మర్చిపోలేదు. అప్పుడు మాత్రం ఆగలేదు. "ఆటో ఏదీ? ఏమయ్యా, ఎక్కడున్నావ్?" అని కేకలేసింది. దేవసహాయం చల్లపల్లి కిరాయికి వెళ్లి ఉన్నాడు.

జయంత్ గారు కెమెరా వైపు ఒకసారి చూశాడు. తర్వాత జేబులోంచి తాళం తీశాడు. "కార్లో పడుకోబెట్టండి. నేను నడుపుతా. ఎవరైనా ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి" అన్నాడు. కెమెరా అతను తియ్యడం ఆపేసి శ్రీను కాళ్లు పట్టుకున్నాడు.

వెనక సీట్లో మార్తమ్మ శ్రీను తల పట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా ప్రార్థన చేసింది గానీ గొంతు బయటికి రాలేదు. వెంకాయమ్మ పక్కన కూర్చుని మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామిని పిలుస్తూనే ఉంది. జయంత్ గారు అద్దంలో ఒకసారి వాళ్లిద్దరినీ చూసి, మళ్లీ రోడ్డు చూసుకున్నాడు.

అవనిగడ్డలో విరుగుడు ఇంజక్షన్లు మొదలుపెట్టారు. ఊపిరి బలహీనపడుతోందని గొట్టం వేసి 108లో బందరు పంపారు. బందరు పెద్దాసుపత్రిలో శ్రీను కొన్ని రోజులు మిషన్ మీద ఉన్నాడు. అతను బతుకుతాడో లేదో ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు. మార్తమ్మ రోజూ బస్సెక్కి వెళ్లి, వెంకాయమ్మకు అన్నం క్యారేజీ ఇచ్చి వచ్చేది. ఒకరోజు పొద్దున గొట్టం తీశాక శ్రీను కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగాడు.

ఆ ఆదివారం మార్తమ్మ మందిరంలో లేచి నిలబడి, డాక్టరమ్మ మాటతో మొదలుపెట్టి జరిగిందంతా చెప్పింది. ఏడవలేదు. "దేవుడికి రావలసిన పేరు నేను తగిలించుకు తిరిగాను. నన్ను క్షమించమని ఆయన్ను అడిగాను. మిమ్మల్నీ అడుగుతున్నాను" అని కూర్చుంది. పాస్టరు గారు పాట మొదలుపెట్టమన్నారు. బయటికి వచ్చాక కొందరు ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఎక్కువమంది పట్టుకోలేదు. విశ్వాసం సన్నగిల్లింది, అందుకే వరం పోయిందన్నారు. అబద్ధాలకోరు అన్నవాళ్లూ ఉన్నారు. నొప్పులతో వచ్చేవాళ్లు రావడం మానేశారు.

జయంత్ గారు ఒకసారి ఫోన్ చేశాడు. "మీరు చేసింది తప్పని నేననను అమ్మా. నేనూ ఆలోచిస్తున్నాను. కానీ పోస్టర్లు అచ్చయిపోయాయి. కమిటీ వాళ్లు ఇంకెవరినో పిలుస్తున్నారు" అన్నాడు.

"మంచిదండి" అని ఫోన్ పెట్టేసింది. పక్కనే ఆటో తుడుస్తున్న దేవసహాయం, "బాధగా ఉందా?" అని అడిగాడు.

"ఉంది. ఆ ఇల్లు ఎలా ఉంటుందో చూద్దామనుకున్నా."

"ఒక రోజు గుడివాడ తీసుకెళ్తాలే. బయటినుంచి చూద్దువుగాని" అన్నాడాయన. ఇద్దరూ నవ్వుకున్నారు.

శ్రీను ఇంటికొచ్చాక వెంకాయమ్మ అతణ్ణి మోపిదేవి తీసుకెళ్లి పుట్టలో పాలు పోయించింది. వచ్చేటప్పుడు మార్తమ్మకు అరటిపళ్లు తెచ్చింది. "గుళ్లోవి కాదులే వదినా. బస్టాండు దగ్గర కొన్నవి, తిను" అంది. మార్తమ్మ ఒకటి వలిచి ఆమె ముందే తింది.

అబ్బులు మందిరానికి రావడం మానేశాడు. కృష్ణా నదిలో బాప్తిస్మం తీసుకుంటానని అన్నవాడు, ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోయేవాడు. మార్తమ్మే ఒక సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లింది. అతను పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు.

"నన్ను పదిమందిలో వెర్రివాణ్ణి చేశావక్కా" అన్నాడు తల ఎత్తకుండా.

"చేశాను. మొదటి రోజే చెప్పాల్సింది. తప్పు నాది."

"అయితే నన్ను దేవుడు బతికించలేదంటావా?"

"అలా ఎందుకంటాను? పాము ఊరికే కరిచి ఎందుకు వదిలేసిందో ఆ డాక్టరమ్మకూ తెలీదు. ఎవరు వదిలేయించారో నేను నమ్ముతాను. నేను కాదని మాత్రం చెబుతున్నా."

అతను పంపు కట్టేసి లోపలికి వెళ్లిపోయాడు. కూర్చోమనలేదు. మార్తమ్మ ఇంటికి వచ్చేసింది. అతని పేరు చెప్పి ప్రార్థన చేసుకోవడం మాత్రం మానలేదు.

కోతలు అయిపోయి, కుప్పలు వేశాక, డిసెంబరులో ఒక ఆదివారం అబ్బులు మందిరంలోకి వచ్చి మగవాళ్ల వెనక కూర్చున్నాడు. పాస్టరు గారు చూసి సంతోషంగా, "సాక్ష్యం ఏమైనా చెబుతావా బాబూ?" అన్నారు.

"చెప్పడానికి ఏం లేదండీ," అన్నాడు అబ్బులు. "కూర్చుందామని వచ్చాను."